ఓక్ విత్తన తోట: ఎక్కువ కాయ కావాలంటే ఏ దారి ఎంచుకోవాలి?

విత్తనం కోసం ఓక్ చెట్లు పెంచేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ ఎరువు వేస్తే కాయ పెరుగుతుంది? నిజానికి అది నాలుగోదో ఐదోదో అడగాల్సిన ప్రశ్న. ఏ జాతి, ఏ రకం తోట, ఏ చెట్టు ఉంచాలి, ఏది కొట్టేయాలి, ఎంత ఎండ తగలాలి అన్నవి తేలాక మిగిలే చిన్న తేడాని ఎరువు సర్దుతుందేమో గానీ, కాయని చెట్టుకు ఎరువు సంచితో కాపు తెప్పించలేం. కాబట్టి ఈ పోలికలో పెద్ద నిర్ణయాలు ముందు, ఖర్చులు తర్వాత.

ఒక చిన్న మాట. ఏకార్న్ అంటే అడుగున టోపీలాంటి గిన్నె ఉండే ఓక్ కాయ. ఇక్కడ ‘కాయ’ అన్న ప్రతిచోటా దాన్నే అనుకోండి.

తెల్ల ఓకా, ఎర్ర ఓకా?

విత్తనం పనికి సంబంధించినంతవరకు ఓక్ జాతుల్లో ఎక్కువ భాగాన్ని రెండు గుంపులుగా చూస్తే చాలు. వైట్ ఓక్, బర్ ఓక్, యూరప్‌లో పెరిగే పెడంక్యులేట్ ఓక్, సెసైల్ ఓక్ తెల్ల గుంపు. నార్తర్న్ రెడ్ ఓక్, పిన్ ఓక్ లాంటివి ఎర్ర గుంపు. ఆకు అంచుల్లో తేడా అందరికీ కనిపిస్తుంది. విత్తనం పెంచేవాడికి అంతకంటే ముఖ్యమైన తేడా క్యాలెండర్‌లో ఉంటుంది.

తెల్ల ఓక్‌లో వసంతంలో పూత వస్తే అదే ఏడు శరదృతువులో కాయ రాలుతుంది. ఎర్ర ఓక్‌లో ఈ వసంతంలో పుప్పొడి పడ్డ పువ్వు చిన్న పిందెగా మారి, ఆ చలికాలమంతా కొమ్మ మీదే నిద్రపోతుంది. పుప్పొడి పడిన ఏడాదికి పైగా గడిచాకే అసలు ఫలదీకరణ జరుగుతుంది. రెండో శరదృతువులో కాయ పండుతుంది. అందుకే ఒకే ఎర్ర ఓక్ చెట్టు మీద ఈ ఏటి కాయలు, వచ్చే ఏటి పిందెలు పక్కపక్కనే కనిపిస్తాయి.

దీనివల్ల పనిలో చాలా మారుతుంది. పూత సమయంలో మంచు కొరికిందనుకోండి. తెల్ల ఓక్‌లో ఆ దెబ్బ ఈ ఏటి కాపుకే తగులుతుంది. ఎర్ర ఓక్‌లో ఈ ఏటి కాయ చాలావరకు బయటపడుతుంది, నష్టం వచ్చే ఏడు తెలుస్తుంది. పైగా ఎర్ర ఓక్ విషయంలో చలికాలంలో కొమ్మలు పట్టుకుని పిందెలు లెక్కపెడితే వచ్చే శరత్కాలపు కాపు మీద ఒక అంచనాకి రావచ్చు. ఆ పిందెలన్నీ కాయలు కావు, దారిలో చాలా రాలిపోతాయి. కానీ పిందెలే లేకపోతే మాత్రం కాయ ఉండదన్నది ఖాయం. కూలీలను, రాలే కాయ కోసం చెట్టు కింద పరిచే వలలను, శీతల గదిని ఏడాది ముందే మాట్లాడుకోవాల్సిన నర్సరీకి ఈ ముందుచూపు చాలా టెన్షన్ తగ్గిస్తుంది. తెల్ల ఓక్‌లో ఆ సౌకర్యం లేదు, వేసవి మధ్య దాకా చీకట్లో ఉన్నట్టే.

మంచి కాపు పడే ఎడం కూడా వేరు. నార్తర్న్ రెడ్ ఓక్ మామూలుగా 2 నుంచి 5 ఏళ్లకోసారి విరగకాస్తుంది. వైట్ ఓక్‌కి 4 నుంచి 10 ఏళ్లు పట్టొచ్చు. నిల్వ సంగతి చివర్లో చెబుతాను, అక్కడా ఎర్ర ఓక్‌దే పైచేయి. అంటే తోట నడపడం సులువుగా ఉండాలనుకుంటే ఎర్ర ఓక్. అయితే మొక్కలు నాటబోయే నేలకి, అడవికి ఏది కావాలో దాన్ని బట్టే జాతి తేలాలి తప్ప మన సౌకర్యాన్ని బట్టి కాదు. స్థలం ఉంటే రెండు గుంపుల్నీ పెట్టుకోవచ్చు. ఒకే వసంతపు మంచు రెండింటినీ ఒకే ఏడు దెబ్బతీయదు. ఈ రెండు గుంపులూ ఒకదానితో ఒకటి సంకరం కావు కాబట్టి పక్కపక్కన నాటినా విత్తనం కల్తీ అవుతుందన్న బెంగ లేదు. ఒకే గుంపులోని రెండు జాతుల్ని పక్కపక్కన పెడితే మాత్రం ఆ బెంగ ఉంటుంది.

ఉన్న అడవినే వాడుకోవాలా, కొత్త తోట నాటాలా?

విత్తనం సంపాదించే దారులు మూడు. ఉన్న అడవిలో మంచి భాగాన్ని విత్తన క్షేత్రంగా మార్చుకోవడం మొదటిది. ఎంపిక చేసిన తల్లి చెట్ల కాయల నుంచి మొక్కలు పెంచి, వాటిలో నాసిరకాన్ని తీసేసి తోటగా మార్చడం రెండోది. ఎంపిక చేసిన చెట్ల కొమ్మలతో అంటు కట్టి క్లోన్ల తోట, అంటే ఆ చెట్ల అచ్చు నకళ్ల తోట, వేయడం మూడోది.

మొదటిదాన్ని చాలామంది తక్కువగా చూస్తారు. నన్నడిగితే పదేళ్లలోపు కాయ కావాల్సిన ఎవరికైనా అదే సరైన దారి. నిటారుగా, ఆరోగ్యంగా ఎదిగిన చెట్లున్న దట్టమైన అడవి ముక్కను తీసుకుని, వంకర చెట్లను, కాపు లేనివాటిని కొట్టేసి, మిగిలినవాటి గొడుగులకు, అంటే పైన పరుచుకున్న కొమ్మల గుబురుకి, ఎండ తగిలేలా చేస్తే కొన్నేళ్లకే ఫలితం కనిపిస్తుంది. జన్యుపరంగా లాభం తక్కువే. తల్లి ఎవరో తెలుస్తుంది గానీ తండ్రి ఎవరో గాలికే తెలియాలి. కానీ ఖర్చు తక్కువ, చెట్లు అప్పటికే కాపు వయసులో ఉంటాయి.

మొలక మొక్కలతో వేసే తోట నిదానస్తుల పని. నార్తర్న్ రెడ్ ఓక్ అడవిలో కాయడం మొదలుపెట్టేసరికి సుమారు 25 ఏళ్లు, ధారాళంగా కాయాలంటే 50 ఏళ్లు. వైట్ ఓక్‌ది కూడా ఇంచుమించు అదే తంతు. తోటలో కలుపు తీసి, ఎడంగా పెంచితే ఇంతకంటే ముందే మొదలవుతుంది, అయినా ఓపిక కావాల్సిందే. దీని బలం వేరే చోట ఉంది. ఏ తల్లి పిల్లలు బాగా పెరిగాయో పక్కపక్కన పెట్టి చూడొచ్చు, చూసి చెత్తని ఏరేయొచ్చు. అమెరికాలోని తూర్పు టెన్నెసీలో వాటాగా నార్తర్న్ రెడ్ ఓక్ తోట ఇలా తయారైందే. 1973లో అమెరికా అటవీ శాఖ దాన్ని సంతతి పరీక్షగా నాటింది. తర్వాత బలహీనమైన చెట్లను తీసేస్తూ విత్తన తోటగా మార్చారు. అంటే అదే నేల పరీక్షకీ, విత్తనానికీ రెండింటికీ పనికొచ్చింది. ఓక్ లాంటి నిదానపు చెట్టుకి ఈ రెండు పనుల పొదుపు బాగా కలిసొస్తుంది.

అంటు తోట సంగతి వేరు. ముదురు చెట్టు పై గొడుగులో పూత పూసే కొమ్మని చలికాలం చివర, మొగ్గలు కదలకముందు కోసి అంటు కడితే, ఆ కొమ్మ చిన్న మొక్క మీద కూడా తన ముదురు వయసును మర్చిపోదు. కొన్నేళ్లకే పూస్తుంది. మొలక మొక్కకి పాతికేళ్లు పట్టే పని అంటు మొక్కలో చాలా ముందే మొదలవుతుంది. ఎంపిక చేసిన చెట్టు అచ్చంగా అదే వస్తుంది. యూరప్‌లో, ముఖ్యంగా క్రొయేషియాలో, పెడంక్యులేట్ ఓక్‌కి ఇలాంటి క్లోన్ల తోటలున్నాయి. అక్కడ పండ్ల తోటల్లోలాగే కొమ్మలు కత్తిరించి గొడుగుని అందుబాటు ఎత్తులో ఉంచుతారు.

ఇదంతా విని అంటు తోటే మేలనిపిస్తుంది. ఆగండి. ఓక్‌లో అంటు అతకకపోవడం ఒక రకం నష్టం, అది మొదటి ఏడే తెలిసిపోతుంది. అతికినట్టే అతికి, కొన్నేళ్లు బాగా పెరిగి, ఆ తర్వాత అతుకు దగ్గర ఉబ్బి, ఒక గాలి రోజున విరిగి పడటం అసలు నష్టం. ఎర్ర ఓక్ గుంపులో ఈ పీడ ఎక్కువ. వేరు మొక్కగా, అంటే అంటు కట్టే కింది మొక్కగా, ఏదో దొరికిన ఓక్ మొలక వాడితే ప్రమాదం మరీ పెరుగుతుంది. అదే జాతి మొక్క మీదే కట్టాలి. వీలైతే ఆ తల్లి చెట్టు సొంత కాయల నుంచి పెంచిన మొలకల మీదే కట్టాలి. దానితో ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకని ఒక్కో క్లోన్‌కి కావాల్సినదానికంటే ఎక్కువ అంట్లు కట్టుకోవడం, తోటలో ఒకే క్లోన్ మొక్కలు పక్కపక్కన రాకుండా చెదరగొట్టి నాటడం తప్పనిసరి. అంటు కట్టడంలో చేయి తిరిగిన మనిషి లేని చోట, ఎర్ర ఓక్ కోసం నేను మొలక తోటనే ఎంచుకుంటాను. తెల్ల ఓక్‌కి, మంచి అంటు పనివాడు ఉంటే, క్లోన్ల తోట.

విత్తనం కొనేవాళ్ల వైపు నుంచి కూడా ఈ తేడా కనిపిస్తుంది. యూరప్‌లో అటవీ విత్తనానికి నాలుగు రంగుల చీటీలుంటాయి. ఎక్కడిదో మాత్రమే తెలిసినదానికి పసుపు, ఎంపిక చేసిన అడవి నుంచి వచ్చినదానికి ఆకుపచ్చ, గుణం చూసి ఎంచిన చెట్ల తోట నుంచి వచ్చినదానికి గులాబీ, పరీక్షల్లో మేలు రుజువైనదానికి నీలం. తోట వేసేవాళ్లు తమ విత్తనం ఏ రంగు చీటీతో బయటికి వెళ్లాలో ముందే అనుకుంటే ఏ దారి పట్టాలో సగం తేలిపోతుంది.

పుప్పొడి సంగతి

ఓక్ పుప్పొడి గాలిలో ఎంత దూరం పోతుందో చాలామందికి ఊహకందదు. ఇల్లినాయ్‌లో ఒక బర్ ఓక్ గుంపులో జన్యు పరీక్షతో తండ్రుల్ని వెతికితే, కాయల్లో సగానికి పైగా, 57 శాతం, ఆ గుంపు బయటి చెట్ల పుప్పొడితో పుట్టినవే. ఫ్రాన్స్‌లో ఓక్ అడవిలో చూసినా మూడింట రెండు వంతుల దగ్గర తేలింది. అంటే ఎంత ఖరీదైన అంటు తోట వేసినా, పక్కనే అదే గుంపు ఓక్ అడవి ఉంటే తండ్రి వైపు లాభం చాలావరకు గాలికి పోతుంది. తోటని ఎడంగా పెట్టే స్థలం లేకపోతే అంటు తోటకి అంత ఖర్చు పెట్టడం దండగ, మెరుగుపరిచిన అడవి ముక్కతో సరిపెట్టుకోవడం తెలివైన పని. తల్లి చెట్ల సంఖ్య విషయంలో కక్కుర్తి పడకూడదు. ఇరవై ముప్ఫై కంటే తక్కువ తల్లులతో వేసిన తోట విత్తనంలో వైవిధ్యం ఉండదు. ఒక ఏడు సగం చెట్లు పూయకపోతే మిగిలేది మరీ కొద్ది.

ఏ చెట్టు ఉంచాలి?

ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదువుతానంటే ఇది చదవండి. ఒకే చోట, ఒకే వయసులో, ఒకే లావున్న ఓక్ చెట్లలో కొన్ని ప్రతి మంచి ఏడూ విరగకాస్తాయి, కొన్ని ఏనాడూ కాయవు. మొత్తం కాపులో పెద్ద వాటా కొద్ది చెట్లదే. ఈ గుణం చెట్టుది, నేలది కాదు. కాబట్టి కాయని చెట్టు పక్కన నిలబడి దానికి ఎరువేయడం కంటే దాన్ని కొట్టేసి ఆ ఎండని పక్క చెట్టుకి ఇవ్వడం ఎప్పుడూ లాభమే.

ఏ చెట్టు కాస్తుందో ఎలా తెలుసుకోవాలి? రెండు పద్ధతులున్నాయి. చెట్టు కింద బుట్టలు పెట్టి రాలిన కాయలు లెక్కించడం కచ్చితమైనదే గానీ ఉడతలు, జింకలు తినేస్తాయి, పని కూడా ఎక్కువ. రెండోది కళ్లతో లెక్కించడం. కాలిఫోర్నియాలోని హేస్టింగ్స్ పరిశోధన క్షేత్రంలో వాల్టర్ కోనిగ్ బృందం 1980 నుంచి ఇలాగే చేస్తోంది. ఇద్దరు మనుషులు గొడుగులో వేర్వేరు వైపులు చూస్తూ, ఒక్కొక్కరు 15 సెకన్లలో ఎన్ని కాయలు లెక్కపెట్టగలిగితే అన్ని లెక్కపెడతారు. రెండూ కలిపి రాసుకుంటారు. అంతే. కాయలు రాలకముందు, వేసవి చివర చేయాలి. ఒక రోజులో చాలా చెట్లు చూసేయొచ్చు. తోటకి ఇదే మేలు, ఎందుకంటే మనకి కచ్చితమైన సంఖ్య అక్కర్లేదు, చెట్ల మధ్య వరస తెలిస్తే చాలు.

ఒకే ఏటి లెక్కతో గొడ్డలి పట్టకండి. ఖాళీ ఏడు మంచి చెట్టు కూడా ఖాళీగానే ఉంటుంది. కనీసం రెండు మంచి కాపుల లెక్క చూశాకే తీర్పు చెప్పాలి. వైట్ ఓక్‌కి ఆ లెక్క తేలేసరికి పదేళ్లు దాటొచ్చు, చేసేదేం లేదు.

ఎండ, నీరు, ఎరువు

ఓక్ పూత గొడుగు పైభాగంలో, బయటి వైపు, ఎండ తగిలే కొత్త చిగుళ్ల మీద వస్తుంది. పక్క చెట్టు నీడ పడ్డ వైపు కాయ దాదాపు ఉండదు. మొదట ఆరేడు మీటర్ల ఎడంలో నాటినా, గొడుగులు అంటుకునే రోజు వస్తుంది. అంటుకున్నాక కాదు, అంటుకోబోయే ముందే చెట్లు తీయాలి. ఆలస్యం చేస్తే కింది కొమ్మలు ఎండిపోతాయి, అవి మళ్లీ రావు. ఇంత కష్టపడి పెంచిన చెట్టుని కొట్టడానికి మనసొప్పదు. విత్తన తోటలు పాడయ్యేది చాలావరకు ఆ మనసు వల్లే.

కొమ్మలు కత్తిరించే రోజుల్ని కూడా చూసుకోవాలి. ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులు ఉన్న ప్రాంతాల్లో వసంతం నుంచి వేసవి మధ్య దాకా కత్తి పెట్టకూడదు. పచ్చి గాయం మీద వాలే పురుగులు తెగుల్ని మోసుకొస్తాయి. పక్క చెట్ల వేళ్లు నేలలో అతుక్కుని ఉంటే అక్కడి నుంచీ పాకుతుంది. ఎర్ర ఓక్ అయితే కొన్ని వారాల్లోనే చనిపోతుంది. కత్తిరింపు చలికాలంలో పెట్టుకోండి.

నీటి విషయంలో వేసవి చివరే ముఖ్యం. కాయ ఊరే ఆ వారాల్లో ఎండబెట్టితే చెట్టు కాయల్ని రాల్చేస్తుంది, మిగిలినవి చిన్నవైపోతాయి. నీళ్లు కొద్దిగానే ఉంటే ఏడాది పొడుగునా చల్లడం కంటే అప్పటికి దాచుకోవడం మంచిది. ఎరువుల ప్రయోగాల్లో ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా వచ్చాయి. మట్టి పరీక్షలో లోటు తేలితే వేయండి, లేకపోతే ఆ డబ్బుతో ఒక వల కొనండి. పిన్ ఓక్ లాంటివాటికి నేల క్షారంగా ఉంటే ఇనుము అందక ఆకు పసుపెక్కుతుంది. అక్కడ నత్రజని ఎంత వేసినా లాభం లేదు, అసలు తప్పు స్థలం ఎంపికలోనే ఉంది.

స్థలం అంటే గుర్తొచ్చింది. లోయ అడుగు నేల ఎంత మెత్తగా ఉన్నా తోటకి తీసుకోకండి. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే మడుగు కడుతుంది, పూత మీద మంచు పడేదీ అక్కడే. వాలు మధ్యలో, లోతైన మట్టి ఉన్న చోటు మేలు.

ముక్కు పురుగు

కాయలో చిన్న గుండ్రటి రంధ్రం కనిపిస్తే పని అయిపోయినట్టే. తల్లి పురుగు వేసవిలో పచ్చి కాయకి ముక్కుతో తూటు పొడిచి గుడ్డు పెడుతుంది. కాయ రాలాక పిల్ల పురుగు బయటికొచ్చి మట్టిలోకి దూరి, ఒకటి రెండేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అక్కడే ఉంటుంది. మందు కొట్టడం చిన్న అంటు చెట్లున్న తోటలోనే వీలవుతుంది. ఎత్తైన చెట్ల గొడుగు దాకా మందు సరిగా చేరదు, చేరినా మేలు చేసే పురుగులూ పోతాయి. శుభ్రతే నాకు నమ్మకమైన దారి. రాలిన ప్రతి కాయనీ, పుచ్చిందైనా సరే, పురుగు బయటికి రాకముందే ఏరి తోట బయట నాశనం చేయాలి. ఇది అడవి మధ్య ఉన్న తోటలో కంటే విడిగా ఉన్న తోటలో బాగా పనిచేస్తుంది.

కాపు తక్కువైన ఏడు ఎవరూ తోట వైపు చూడరు. ఆ ఏడే ఏరడం ఎక్కువ అవసరం. కొద్ది కాయల్లో దాదాపు అన్నిట్లోనూ పురుగే ఉంటుంది, అది మట్టిలోకి దిగకుండా ఆపితే తర్వాతి పెద్ద కాపు శుభ్రంగా చేతికొస్తుంది.

ఏరిన కాయలకి వేడి నీటి పద్ధతి ఉంది. 49 డిగ్రీల నీళ్లలో 40 నిమిషాలు ఉంచితే లోపలి పురుగు చస్తుంది. థర్మామీటర్ లేకుండా ఈ పనికి దిగకండి, వేడి కాస్త మించితే కాయ కూడా చస్తుంది. యూరప్‌లో పెడంక్యులేట్ ఓక్ కాయల్ని 41 డిగ్రీల నీళ్లలో రెండు గంటలకు పైగా ఉంచేది వేరే పనికి, కాయని నల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రాన్ని తగ్గించడానికి. ఈ రెండింటినీ కలిపేసుకోకండి.

ఏరడం, నిల్వ చేయడం

మొదట రాలే కాయలు ఎక్కువగా పుచ్చువీ, తాలువీ. వాటిని తీసేసి, ఆ తర్వాత రాలేవాటిని విత్తనానికి ఉంచాలి. టోపీ ఊడకుండా రాలిన కాయ చాలా జాతుల్లో లోపం ఉన్నదే. నేల మీద చేత్తో ఏరడం చవక, కానీ రెండు మూడు రోజులకోసారి వెళ్లాలి. లేకపోతే ఎండకి ఆరిపోతాయి, ఉడతలపాలవుతాయి. వల పరిస్తే ఖర్చు ఎక్కువైనా కాయ శుభ్రంగా దొరుకుతుంది, ఏ చెట్టు కాయ ఏదో విడిగా ఉంచొచ్చు. తల్లుల లెక్క కావాల్సిన తోటకి వలే సరైనది. యంత్రంతో చెట్టుని ఊపడం వేగమైన పని, కానీ బెరడు దెబ్బతినొచ్చు, పండని కాయ కూడా పడుతుంది. ఎర్ర ఓక్‌లో అదే కొమ్మల మీద వచ్చే ఏటి పిందెలున్నాయన్న సంగతి గుర్తుంచుకోవాలి.

నీళ్లలో పోసి తేలినవాటిని తీసేయడం అందరికీ తెలిసిందే. ఆరిన కాయ మంచిదైనా తేలుతుంది, అందుకని ఆలస్యంగా ఏరినవాటిని ఒక రాత్రి నానబెట్టాకే తీర్పు చెప్పండి. ఆ తర్వాత ఓ యాభై కాయలు అడ్డంగా కోసి చూడటం మరవద్దు. లోపల గట్టిగా, లేత పసుపు రంగులో ఉంటే మంచివి.

ఓక్ కాయ ఆరబెట్టి దాచే విత్తనం కాదు. తేమ పోతే ప్రాణం పోతుంది. ఎర్ర ఓక్ కాయల్ని తేమ 30 శాతం కంటే తగ్గకుండా, గాలి ఆడే పల్చటి పాలిథిన్ సంచుల్లో, 1 నుంచి 3 డిగ్రీల చల్లదనంలో ఉంచితే రెండు మూడు శీతాకాలాలు నిలుస్తాయి. ఎలాగూ వాటికి మొలకెత్తడానికి ముందు చలి కావాలి. తెల్ల ఓక్‌కి ఆరు నెలలు దాటడమే కష్టం. పెడంక్యులేట్ ఓక్‌ని మైనస్ 3 డిగ్రీల దగ్గర జాగ్రత్తగా ఉంచి ఇంకొంత కాలం దాటించేవాళ్లున్నారు గానీ, అలాంటి గది అందరికీ ఉండదు. అది లేనివాళ్లు తెల్ల ఓక్ కాయని రాలిన శరత్కాలంలోనే నారుమడిలో నాటేయడం మంచిది. సంచి తెరిచేసరికి వేరు బయటికొచ్చి ఉంటే కంగారు పడకండి. దాని కొన విరిగినా కాయని పారేయనక్కర్లేదు, పక్కకి పడుకోబెట్టి మట్టి కప్పండి, మళ్లీ వేరేస్తుంది.